ఉద్దానం నుంచి విమానం ఎక్కేవారికి: ఏ దేశం, ఏ వాకిలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేట, కంచిలి, పలాస వైపు బ్యాంకు శాఖల్లో పాతికేళ్ళకు పైగా పనిచేశాను. విదేశాల నుంచి వచ్చిన డబ్బు ఎవరింట్లో మేడగా లేచిందో, ఎవరింట్లో వడ్డీలకే ఆవిరైపోయిందో పాసు పుస్తకాల్లో చదివాను. పదవీ విరమణ తరువాత కౌంటరు పోయింది గాని ప్రశ్నలు పోలేదు. జీడిమామిడి పూత మీద ఉన్న రోజుల్లో పాత ఖాతాదారు ఒకాయన భార్యతో కలిసి, ముగ్గురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కూతురు బి.యస్సీ నర్సింగ్ చేసి విశాఖలో ఉద్యోగం చేస్తోంది. కొడుకు బి.టెక్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. మేనల్లుడు ఐ.టి.ఐ. చేసి వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు.

"మేనేజరు గారూ, ఈ ముగ్గురికీ ఏ దేశం మంచిదో ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

ఒక్క మాటలో చెప్పడం చేతనైతే నేను ఏజెంటునై ఉండేవాడిని. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా మాట్లాడుకున్నాం. ఆ మాటలనే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను.

కొడుకు ముందే ఫోనులో ఒక పట్టిక తీసి పెట్టుకున్నాడు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990 నుంచి వేస్తున్న మానవాభివృద్ధి సూచీ అది. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం కలిపి లెక్క కడతారు. 2025 నివేదికలో ఐస్‌లాండ్ మొదటి స్థానంలో ఉంది. జర్మనీ 5, ఆస్ట్రేలియా 7, సింగపూర్, బ్రిటన్ రెండూ 13, యు.ఏ.ఇ. 15, కెనడా 16, అమెరికా 17. మన దేశం 130. "అంటే అమెరికా కంటే దుబాయి రెండు మెట్లు పైనున్నట్టా?" అని వెల్డర్ కుర్రవాడు నవ్వాడు. పట్టికలోని లోపం అతని నవ్వుకు దొరికింది. దుబాయిలో సొంత కారు, పిల్లలకు బడి, సముద్రం కనిపించే ఇల్లు ఉన్న ఇంజనీరుదీ, ఊరి చివర క్యాంపులో రెండంతస్తుల ఇనుప మంచం మీద పడుకొనే కూలీదీ ఒకే పదిహేనో ర్యాంకు. సగటు లెక్కకు మంచాలు కనిపించవు.

పెళ్ళివారింటికి వెళ్ళినవాడికి దొరికే మర్యాద వాడు ఏ వాకిలిలోంచి లోపలికి వచ్చాడన్న దాన్ని బట్టి ఉంటుంది. వీధి గుమ్మంలోంచి వచ్చినవాడికి పన్నీరు చల్లుతారు, పెరటి గుమ్మంలోంచి వచ్చినవాడికి నీళ్ళబిందె అందిస్తారు. ఇల్లు ఒకటే, విందూ ఒకటే. వీసా అనేది ఆ వాకిలి. అందుకని నేను దేశాలను పోల్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేస్తాను. భార్యనో భర్తనో పిల్లలనో వెంట తీసుకువెళ్ళనిస్తారా? పని పోయిన మర్నాటి నుంచి ఎన్నాళ్ళు ఉండనిస్తారు? జబ్బు చేస్తే బిల్లు ఎవరు కడతారు? ఇంటి నుంచి కబురు వస్తే ఎంతసేపట్లో రాగలవు? జీతం సంగతి ఈ నాలుగూ తేలాక అడుగుతాను. బ్యాంకులో పనిచేసినవాడు ఇలా మాట్లాడటం వింతగానే ఉంటుంది, కాని జీతం ఎంతో తెలిసి మిగతావి తెలియకుండా వెళ్ళినవాళ్ళ ఖాతాలే నా దగ్గర ఎక్కువగా ఎండిపోయాయి.

ఇది మనకు కొత్త పాఠమూ కాదు. మా తాతల కాలంలో ఈ తీరం నుంచి స్టీమరెక్కి "రంగం" వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. బియ్యం ఎగుమతిలో బర్మా పేరు మోగిన రోజులవి. రేవులో బరువులు మోసే పని చాలావరకు తెలుగువాళ్ళదే. కూలి బాగుండేది, ఊళ్ళో పెంకుటిళ్ళు లేచాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేల మంది కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చారు, దారిలోనే రాలిపోయినవారూ ఉన్నారు. పని ఉన్నంతకాలం ఆ ఊరు వాళ్ళకు తిండి పెట్టింది, కాలం మారిన రోజున వాళ్ళ పేరు మీద అక్కడ ఏ హక్కూ లేదు. నా రెండో ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

వెల్డర్‌కు గల్ఫు

మేనల్లుడి సంగతి ముందు చూశాం. మన వైపు ఎక్కువమంది వెళ్ళే దారి అదే: వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డింగ్ కట్టేవాళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేశాక నా కౌంటరు దగ్గర పాస్‌పోర్టు జిరాక్సులు పట్టుకొని నిలబడేవాళ్ళు ఎక్కువయ్యారు. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు అన్నేళ్ళు ఆగదు.

డిగ్రీ లేని పనివాడికి చేతిలో మిగిలే డబ్బు విషయంలో గల్ఫుతో పోటీపడే దేశాలు తక్కువ. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. గది, భోజనం కంపెనీవి అయితే ఖర్చూ తక్కువే. సౌదీ రియాలు, ఖతార్ రియాలు, దిర్హాము మూడూ డాలరుకు ముడిపడి ఉన్నాయి కనుక రూపాయి జారినప్పుడల్లా అక్కడ జీతం పెరగకుండానే ఇక్కడ చేతికి వచ్చేది పెరుగుతుంది. దేశమంతా రూపాయి పడిందని దిగులు పడే రోజున కంచిలి బ్రాంచిలో కొందరి ముఖాలు వెలిగేవి.

ఇక కష్టం వైపు. భార్యను తీసుకువెళ్ళాలంటే యు.ఏ.ఇ.లో నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలి. మామూలు పనివాడికి అది అందని ద్రాక్షే. ముప్పై ఏళ్ళు పనిచేసినా పౌరసత్వం ఉండదు, కాంట్రాక్టు ముగిస్తే ఇంటికే. కనుక గల్ఫులో "జీవన ప్రమాణం" అన్న మాటను నేను వేరుగా కొలుస్తాను: అక్కడ మనిషి ఎలా బతుకుతున్నాడని కాక, అక్కడి డబ్బుతో ఇక్కడి ఇల్లు ఎలా బతుకుతోందని. మూడేళ్ళో ఐదేళ్ళో గడువు పెట్టుకొని, ఫలానా అప్పు తీర్చి వస్తానని వెళ్ళినవాడికి గల్ఫు మంచి దేశం. గడువు లేకుండా వెళ్ళినవాడి పిల్లలు తండ్రిని ఫోనులోనే చూస్తూ పెరుగుతారు.

జీతం కాగితంలో ఒక మెలిక ఉంది. ఏజెంటు చెప్పేది ఓవర్‌టైముతో కలిపిన మొత్తం. మనం చూడవలసింది "బేసిక్" అన్న గడి, అంటే అలవెన్సులు, ఓవర్‌టైము కలపని మూల జీతం. యు.ఏ.ఇ. చట్టం ప్రకారం ఏడాది దాటి పనిచేసినవాడికి పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరువాత ఏడాదికి 30 రోజుల బేసిక్. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచిన కాగితంలో నెలనెలా తేడా కనిపించదు, చివర్లో చేతికి వచ్చే మూటలో కనిపిస్తుంది. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్ళు. కంపెనీ తిండి పెట్టకపోతే ఇంకో 300, గది ఇవ్వకపోతే 500 కలపాలి. వెయ్యి రియాళ్ళంటే రమారమి 24 వేల రూపాయలు. చేతిలో పని ఉన్న వెల్డర్ ఆ మాత్రానికి సముద్రం దాటే ముందు విశాఖలోనో జామ్‌నగర్‌లోనో ఎంత ఇస్తారో ఒకసారి కనుక్కోవాలి.

ఉద్దానం వాళ్ళకు మాత్రమే చెప్పవలసిన మాట ఒకటుంది. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని తిన్నదో ఎవరికీ చెప్పనక్కర్లేదు, పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. యు.ఏ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. మిగతా గంటలూ చల్లనివి కావు. ఒళ్ళు ఎండిపోయే వేడిలో బరువు పని కిడ్నీలకు పరీక్షే. గల్ఫు దేశాలు వెళ్ళేముందు ఎలాగూ వైద్య పరీక్ష చేయిస్తాయి. కాని ఏజెంటుకు డబ్బు కట్టక ముందే సొంతంగా క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించుకోవడం మేలు. డబ్బు కట్టాక "అన్‌ఫిట్" అని తేలితే ఆ డబ్బు తిరిగి రావడం నేను చూసింది బహు తక్కువ.

ఏజెంటు సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జి.యస్.టి. అంతే. రిజిస్టరయ్యాడో లేడో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఇల్లాలు పుస్తెలతాడు తాకట్టు పెట్టి లక్షన్నర తీసుకువెళ్ళింది. భర్తను విజిట్ వీసా మీద పంపారు. అక్కడ పని లేదు, ఆరు వారాలకు తిరిగి వచ్చాడు. ఆ బంగారం మూడుసార్లు తిరగరాశాం, నాలుగోసారి వేలానికి వెళ్ళింది. నోటీసు మీద సంతకం పెట్టింది నేనే.

పదో తరగతి పాసు కాని వాళ్ళకు గల్ఫు సహా కొన్ని దేశాలకు వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి: రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అవిటివాడైనా పది లక్షలు. పది పాసైనవాడికి ఆ అనుమతి అక్కర్లేదు, దానితో పాటే వచ్చే తప్పనిసరి గొడుగూ లేదు. మన మేనల్లుడు ఐ.టి.ఐ. చదివినవాడు. అతని కాగితాలు అతనే చదువుకోవాలి.

సింగపూర్ గురించి కుర్రవాడు ఆశగా అడిగాడు. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊరు శుభ్రం, చట్టం గట్టిది, కంపెనీ వైద్య బీమా చేయించాలి, విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది. నా నాలుగో ప్రశ్నకు అన్నిటికంటే మంచి జవాబు చెప్పే దేశాల్లో అదొకటి. మొదటి ప్రశ్నకు మాత్రం గల్ఫు జవాబే: వర్క్ పర్మిట్ వాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోలేరు. అదే సింగపూర్‌లో నిపుణులకు ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ పాస్ దొరికిన ఇంజనీరుకు దారి వేరు, 2025 నుంచి దానికి కనీస జీతం నెలకు 5,600 సింగపూర్ డాలర్లు. ఒకే ఊరు, రెండు వాకిళ్ళు.

నర్సమ్మకు మూడు దారులు

ఈ ఇంట్లో అందరికంటే బలమైన చీటీ కూతురి చేతిలో ఉంది. తండ్రికి ఆ సంగతి తెలియదు, ఆయన దృష్టంతా కొడుకు మీదే.

నర్సు కావాలని జర్మనీ అడుగుతోంది, బ్రిటన్ నిన్నటి దాకా గట్టిగా అడిగింది, గల్ఫు ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. గల్ఫు అయితే భాష గొడవ లేదు, జీతం వెంటనే మొదలవుతుంది, పన్ను లేదు. అప్పు మెడ మీద ఉన్న ఇంటికి అది తేలిక దారి. కాని నర్సుకైనా అక్కడ శాశ్వతం అనేది లేదు.

బ్రిటన్‌లో ఇంగ్లీషు పరీక్ష, ఆ తరువాత నర్సింగ్ కౌన్సిల్ వారి రాత పరీక్ష, చేతి పరీక్ష దాటాలి. 2025-26లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త నర్సు మొదటి జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. భర్తకు పని చేసుకొనే హక్కు ఉంది. మిగతా వలసదారులు వైద్యం కోసం ఏడాదికి 1,035 పౌండ్లు సర్‌ఛార్జీ కడుతుంటే, ఆరోగ్య రంగం వీసాలో వెళ్ళిన నర్సు కట్టనక్కర్లేదు. అయితే ఐదేళ్ళకు స్థిర నివాసం అన్న పాత మాటను పదేళ్ళకు మార్చాలని 2025 మే నెలలో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇంకొకటి: ముసలివాళ్ళ సంరక్షణకు ఇచ్చే "కేర్ వీసా"కు బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడం 2025 జులై 22తో ఆగిపోయింది. ఆ వీసా ఇప్పిస్తామని ఎవరైనా పది లక్షలు అడిగితే వాళ్ళు అమ్ముతున్నది మూసిన తలుపు.

జర్మనీకి భాష రావాలి. బి2 స్థాయి అంటే రోగి చెప్పింది అర్థమై, డాక్టరుకు తిరిగి చెప్పగలగడం. ఒక ఏడాది కూర్చుని చదవాలి, ఉద్యోగం చేస్తూ అయితే ఇంకా ఎక్కువ. మన సర్టిఫికెట్‌ను వాళ్ళు గుర్తించాలి, అందుకు కొన్నాళ్ళు శిక్షణో పరీక్షో ఉంటుంది. అక్కడ నర్సంటే ఇంజెక్షన్లు ఇచ్చే పనే కాదు, రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం కూడా ఆమె పనే. మన ఆసుపత్రుల్లో ఆయాలు చేసే పని నేను చేయాలా అని కొందరు నొచ్చుకొంటారు. ఈ అమ్మాయి నొచ్చుకోలేదు. "నాన్నమ్మకు నేనే కదా చేశాను" అంది.

ఆ మెట్లు ఎక్కితే పైన ఉన్నది మాత్రం గట్టి అరుగు. ఆరోగ్య బీమా చందా సగం యజమానిది. భర్తకు ఉద్యోగం లేకపోతే అతనికీ పిల్లలకూ అదే బీమా అదనపు చందా లేకుండా వర్తిస్తుంది. పిల్ల పుడితే ప్రసవానికి ముందు ఆరు, తరువాత ఎనిమిది వారాల సెలవు. పిల్లకు నెలనెలా భత్యం, 2025లో అది 255 యూరోలు. వారానికి ఐదు రోజుల పనికి ఏడాదిలో కనీసం ఇరవై రోజుల జీతంతో కూడిన సెలవు చట్టమే ఇస్తుంది. 2024 జూన్ నుంచి ఐదేళ్ళకు పౌరసత్వం అడగవచ్చు. పన్నులు, చందాలు పోను చేతికి వచ్చేది చూస్తే గల్ఫు అలవాటున్న మేనమామలు పెదవి విరుస్తారు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, చిన్న ఊళ్ళో తెలుగు మాట వినపడక చెవులు చిన్నబోతాయి. పెళ్ళి కాని పిల్ల, ఓపిక ఉంది, ఇంటి అప్పు ఆమె మీద లేదు. ఆమెకు జర్మనీయే మొదటి మాట అని నేను చెప్పాను, ఇంకా అలాగే అనుకుంటున్నాను.

బి.టెక్ కుర్రవాడు, అమెరికా కల

ఇక్కడ మాటలు కొంచెం వేడెక్కాయి. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర నిలబడినా మొదట వినిపించే పేరు అమెరికా. జీతాల్లో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. తెలుగువాళ్ళు, గుళ్ళు, మన కూరగాయలు, అన్నీ దొరుకుతాయి. కాని నా నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ దేశం తడబడుతుంది.

చదువు అయ్యాక ఏడాది పని చేయనిస్తారు, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకు ఇంకో రెండేళ్ళు. తరువాత హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కావాలి. ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు మరో 20 వేలు, అంతకు ఎక్కువ మంది అడుగుతారు కనుక ఎంపికకు అదృష్టం కావాలి. 2025 సెప్టెంబరులో బయటి నుంచి తెచ్చుకొనే కొత్తవారి దరఖాస్తుకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ఉత్తర్వు వచ్చింది. హెచ్-1బి దొరికినా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. గ్రీన్ కార్డులో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వరు కనుక మనవాళ్ళ వరస పదేళ్ళు దాటి సాగుతోంది. ఆ వరసలో ఉండగా పిల్లకు 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల కాగితం నుంచి ఆమె పేరు జారిపోతుంది. ప్రసవానికి జీతంతో సెలవు ఇవ్వాలన్న దేశవ్యాప్త చట్టం లేదు. ఆరోగ్య బీమా ఎక్కువగా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది, అంటే పని పోయిన రోజున రెండు పోతాయి.

కెనడా ఈ విషయంలో నిదానం. వయసు, చదువు, భాష, అనుభవాలకు మార్కులు వేసి నేరుగా స్థిర నివాసం ఇస్తుంది. అది చేతికి వచ్చాక ఉద్యోగం పోయినా ఎవరూ పొమ్మనరు. ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వం అడగవచ్చు. వైద్యానికి బిల్లు రాదు, కాని ఫ్యామిలీ డాక్టరు దొరకడానికి నెలలు పట్టడం అక్కడ ఉన్నవాళ్ళందరి గోడు. టొరంటో, వాంకూవర్ అద్దెలు జీతాన్ని మింగేస్తాయి. 2024 నుంచి విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టారు, 2025లో స్థిర నివాసాల లక్ష్యాన్ని 3,95,000కు తగ్గించారు. వాకిలి ఇంకా తెరిచే ఉంది, వెడల్పు తగ్గింది.

ఆస్ట్రేలియా నాకు కొంచెం ఇష్టం, ఎండ ఉంటుందని మాత్రమే కాదు. మార్కుల పద్ధతిలో 65 కనీసం, 45 ఏళ్ళ లోపు ఉండాలి. చదువుకొన్నవాడికే కాక చేతిపని నిరూపించుకొన్నవాడికీ ఆ పద్ధతిలో చోటు ఉంది. వెల్డర్ మేనల్లుడు ఐదారేళ్ళ అనుభవం, ఇంగ్లీషు సంపాదిస్తే అతనికి కూడా తెరుచుకోగల వాకిలి అది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళగల దారి. 2025 జులైలో కనీస కూలి గంటకు 24.95 ఆస్ట్రేలియా డాలర్లు. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస కూలి 2009 నుంచి ఏడుంపావు డాలర్ల దగ్గరే ఆగి ఉంది, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువ ఇస్తారనుకోండి. ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు రుసుమే 2,000 డాలర్లు చేశారు, వీసా రాకపోతే ఆ డబ్బు నీళ్ళపాలు.

చదువు ఖర్చులో జర్మనీకి పోటీ లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఫీజు ఉండదు, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటివాళ్ళకు సెమిస్టరుకు 1,500 యూరోలు. ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు ముందుగా బ్లాక్డ్ ఖాతాలో చూపాలి, అది మన డబ్బే, నెలనెలా మనకే తిరిగి వస్తుంది.

కుర్రవాడు ఇవన్నీ విని "అప్పు తీసుకుంటే అమెరికాలో రెండేళ్ళలో తీర్చేయవచ్చు కదండీ" అన్నాడు. కాగితం తెమ్మన్నాను. నలభై లక్షల విద్యా రుణం, వడ్డీ పదిన్నర శాతం అనుకున్నాం. చదువు రెండేళ్ళు, ఆ తరువాత ఏడాది కంతులు కట్టనక్కర్లేదు, కాని వడ్డీ నిద్రపోదు. మొత్తం మొదట్లోనే తీసుకుంటే ఆ మూడేళ్ళలో 12 లక్షల 60 వేలు చేరుతుంది. దాన్ని అసలులో కలిపి పదిహేనేళ్ళకు వేస్తే నెలకు సుమారు 58 వేలు. అమెరికా జీతానికి అది చిల్లర. లాటరీలో పేరు రాక ఇంటికి వస్తే, హైదరాబాదులో కొత్త ఇంజనీరుకు అది మొత్తం జీతం కంటే ఎక్కువ కావచ్చు. నా నియమం మొరటుగా ఉంటుంది: ఇక్కడి జీతంతో తీర్చలేని అప్పు అక్కడి చదువుకు చేయకూడదు. తండ్రి ఇల్లు తనఖా పెట్టడానికి సిద్ధంగా వచ్చాడు. ఆ అంకె చూశాక కాసేపు మాట్లాడలేదు.

మిగిలిపోయిన ఇద్దరు

అప్పటిదాకా లోపల ఉన్న ఆయన భార్య, మా ఆవిడతో పాటు బయటకు వచ్చి "మరి మమ్మల్ని ఎవరు చూస్తారు?" అంది. పట్టికల్లో దీనికి గడి ఉండదు.

అమెరికాలో పౌరసత్వం వచ్చిన కొడుకు తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేకుండా పిలిపించుకోవచ్చు, కాని అంతకు ముందు రావలసిన గ్రీన్ కార్డుకే ఎన్నేళ్ళో పైన చెప్పాను. కెనడాలో సూపర్ వీసా మీద ఒక్కసారి వెళ్ళి ఐదేళ్ళు ఉండవచ్చు, బీమా తప్పనిసరి. ఆస్ట్రేలియా తల్లిదండ్రుల వీసాకు ఎక్కువ డబ్బు కట్టే దారిలో ఒక్కొక్కరికి 40 వేల డాలర్లు దాటుతుంది, అయినా ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. బ్రిటన్‌లో ఆ తలుపు ఉందన్న పేరే గాని తెరుచుకోదు. జర్మనీ 2024 మార్చి తరువాత అనుమతి పొందిన నిపుణులకు తల్లిదండ్రులను తెచ్చుకొనే వీలు ఇచ్చింది, వాళ్ళ ఆరోగ్య బీమా దొరకడమే చిక్కు.

ఇదంతా విని ఆ పెద్దాయన "ఐదేళ్ళు మంచులో కూర్చుంటే జీడి పిక్కలు ఎవరు ఏరతారండీ" అన్నాడు. నిజమే. వాళ్ళు వెళ్ళరు. అలాంటప్పుడు చూడవలసింది కొడుకు రావడానికి ఎంతసేపు పడుతుందన్నదే. గల్ఫు నుంచి, సింగపూర్ నుంచి సెలవు దొరికితే మర్నాటికి వాకిట్లో ఉంటాడు. అమెరికా నుంచి వచ్చేసరికి మూడో రోజు. వీసా స్టాంపింగ్ గొడవల్లో ఉన్నవాడు తిరిగి వెళ్ళలేనేమోనన్న భయంతో పదో రోజుకు కూడా రాని ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. నేను వాటికి వెళ్ళాను.

భూమి సంగతి కూడా తెలియాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. విదేశీ పౌరసత్వం తీసుకొన్నవాడు మన ప్రభుత్వం ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు మీద జీవితాంతం వచ్చిపోవచ్చు గాని ఓటు ఉండదు, వ్యవసాయ భూమి, తోట కొనే హక్కు ఉండదు. వారసత్వంగా రావచ్చు. బెర్లిన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో సంపాదించి కవిటిలో కొబ్బరి తోట కొంటానని కలలు కనేవాళ్ళు పాస్‌పోర్టు మార్చుకోక ముందే కొనాలి.

వాళ్ళు లేచేసరికి బాగా చీకటి పడింది. తరువాతి వారంలో కూతురు విశాఖలో జర్మన్ తరగతిలో చేరింది, నైట్ డ్యూటీలు అడిగి పెట్టించుకొంది. కొడుకు క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో ముందు చేరి, రెండేళ్ళ తరువాత చూస్తానన్నాడు. ఆ మాట తండ్రి కోసం అన్నాడో, నా కాగితం చూసి అన్నాడో తెలియదు. మేనల్లుడి క్రియాటినిన్ సరిగానే ఉంది. ఖతార్ నుంచి వచ్చిందంటూ ఏజెంటు ఇచ్చిన ఆఫర్ కాగితాన్ని నాకు ఫోనులో పంపాడు. కంపెనీ పేరు, ముద్ర, మొత్తం జీతం, ఓవర్‌టైము గంటలు, అన్నీ ఉన్నాయి. బేసిక్ అన్న గడి ఖాళీగా ఉంది. ఆ గడి నింపి పంపమని ఏజెంటుకు రాయమన్నాను. పదకొండు రోజులైంది, ఇంకా జవాబు రాలేదు.